కోయంబత్తూరు దిమ్మ

"ఆవిడగారికి బస్సు టైమయిందని చెప్పు," అన్నాడు సంజీవరావు, గోడ మీది క్యాలెండరు కేసి చూస్తూ.

ఆవిడగారు ఆయనకు మూడడుగుల దూరంలో గుమ్మం మీద కూర్చుని చెప్పుల పట్టీ పెట్టుకుంటోంది.

అమలమ్మ పొయ్యి దగ్గర నుంచి తల తిప్పలేదు. "నేనేమన్నా పోస్టుమేన్నా? తొమ్మిది రోజుల్నుంచీ తండ్రి మాట కూతురికీ, కూతురి మాట తండ్రికీ మోస్తన్నాను. నెల జీతం మాట్లాడండి ఇద్దరూ."

ఎవరూ నవ్వలేదు. సంజీవరావు క్యారియర్ తీసుకుని, బండి వీధిలోకి నెట్టుకుని, స్టార్టు చేసి వెళ్లిపోయాడు. వెనక సీటు ఖాళీ.

ఐదేళ్లుగా ఆ సీటు మార్తది. కంకిపాడు నుంచి ఆటోనగర్ గేటు దాకా నాన్న బండి, అక్కణ్నుంచి మంగళగిరికి బస్సు. దారిలో ఏదైనా చెప్పాలంటే ఆయన ఎడమ భుజం మీదికి వంగి చెప్పాలి. కుడి పక్క నుంచి చెబితే గాలికి పోతుందనేవాడు. ఇప్పుడు ఆమె ఆటో ఎక్కుతోంది. ఆటోలో పక్కన రోజుకో మనిషి.

"ఏం చేశావో నాకన్నా చెప్పవే," అంది అమలమ్మ. "ఆయన్నడిగితే దాన్నడుగు అంటాడు. నిన్నడిగితే వచ్చాక చెప్తానంటావు."

"వచ్చాక చెప్తానమ్మా."

"తొమ్మిది రోజుల్నుంచీ వస్తానే ఉన్నావు."

మార్త టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని లేచింది.

చేసింది చూడటానికి చిన్నదే. ఒక కాగితంలో ఒక ఊరి పేరు.

మంగళగిరిలో చేనేత షోరూములు దాటాక రెండో అంతస్తులో ఉంది మార్త పనిచేసే ల్యాబు. తొమ్మిది మంది మనుషులు. అక్కడ తయారయ్యేది గోరంత చిప్పు. ఫోన్లో మాట్లాడే మాటా, చూసే వీడియో, అన్నీ అలాంటి చిప్పులోనే వెలుగుగా మారి, వెంట్రుకంత గాజు తీగలో పడి ఊళ్లు దాటిపోతాయి. చిప్పు తయారవడం ఒక ఎత్తు, ఆ గాజు తీగను దాని అంచుకు అతికించడం ఒక ఎత్తు. చిప్పులో వెలుగు నడిచే దారీ, తీగలో నడిచే దారీ సరిగ్గా ఎదురెదురుగా రావాలి. తలవెంట్రుకను నిలువునా వంద పాయలుగా చీలిస్తే, అందులో రెండు మూడు పాయలంత జరిగినా చాలు, సగానికి పైగా వెలుగు దారి తప్పిపోతుంది. గమ్ము పెట్టి ఓవెన్‌లో కాచేటప్పుడు ఆ రెండింటినీ కదలనివ్వకుండా పట్టుకోవడానికి ఒక ఇనప దిమ్మ కావాలి. ల్యాబులో దాన్ని జిగ్ అంటారు. నాన్న దిమ్మ అంటాడు.

రెండేళ్ల కిందట, బయట కొన్న జిగ్‌లు మూడూ వేడికి కదిలిపోయాక, మార్త కొలతలు రాసుకుని ఆటోనగర్‌లో నాన్న షెడ్డుకు వెళ్లింది. ఆయన ఒక పాత లారీ ఇంజన్ బ్లాకు నుంచి ముక్క కోసి, పదకొండు రోజులు ఆకురాయి పట్టి నునుపు చేసి, గుడ్డలో చుట్టి ఇచ్చాడు. దాని మీద అతికించిన తీగ జరగలేదు. పన్నెండు అతికిస్తే పన్నెండూ నిలబడ్డాయి.

ఎక్కడ చేయించావమ్మా అని డైరెక్టరు రామకోటేశ్వరరావుగారు అందరి ముందూ అడిగారు. ఆ రోజు బెంగళూరు నుంచి కొనేవాళ్లు వచ్చి ఉన్నారు. వాళ్ల బూట్లు, వాళ్ల ఇంగ్లీషు. మార్త నోటి నుంచి "కోయంబత్తూరు సార్" అని వచ్చింది. అక్కడ మంచి మిషన్ షాపులుంటాయని కాలేజీలో ఎవరో అన్న మాట. చేసినాయన పెద్దవాడు, ఇప్పుడు పని మానేశాడని కూడా చెప్పింది. తరవాత పని విధానం రాసే ప్రాసెస్ షీటులో అదే రాసింది. తయారీ: కోయంబత్తూరు. లోహం: కొత్త పోత ఇనుము. పాత లారీ ముక్క అంటే ఎవరూ నమ్మరని తనకు తను చెప్పుకుంది.

అది కాదు సంగతి. సిగ్గుపడింది.

ఇప్పుడు రెండు నెలల్లో రెండు వందల ముక్కలు అడిగారు బెంగళూరు వాళ్లు. ఒక్క జిగ్ మీద వారానికి పన్నెండే అవుతాయి. అందుకని మార్త రాసిన షీటు చూసి కోయంబత్తూరులోనే ఒక వర్క్‌షాపుతో ఆరు జిగ్‌లు చేయించారు. కొత్త పోత ఇనుము, అచ్చం అవే కొలతలు. ఓవెన్‌లో పెడితే ఒక్కొక్కటే కదిలిపోవడం మొదలుపెట్టాయి.

తొమ్మిది రోజుల కిందట రామకోటేశ్వరరావుగారు వాటిని సరిచేసే వాళ్లెవరైనా ఉన్నారేమోనని తనే ఆటోనగర్ వెళ్లారు. ఎవరో సంజీవరావు షెడ్డు చూపించారు. సంజీవరావు మార్త తండ్రి అని డైరెక్టరుగారికి తెలీదు. మొదటి దిమ్మ ఫొటో చూపించి, ఇది కోయంబత్తూరు పని, ఇలాంటిది మీరు చేయగలరా మేస్త్రీ గారూ అని అడిగారు.

ఆ ఫొటోలో దిమ్మ మూలన సంజీవరావు తన గుర్తుగా కొట్టుకునే మూడు చుక్కలు కనబడుతూనే ఉన్నాయి.

వాళ్ల పని బాగుంటదండి, మనవల్ల కాదు అన్నాడట ఆయన.

ఆ మాట మార్తకు చెప్పింది రామకోటేశ్వరరావుగారే. మధ్యాహ్నం టీ తాగుతూ చెప్పారు. "చేతకాదని ముఖానే చెప్పాడమ్మా. నిజాయితీ గల మనిషి."

*

గురువారం ఆరో జిగ్‌ను కూడా ఓవెన్ నుంచి బయటికి తీశారు.

మార్త తీగ కొసను మీటరుకు తగిలించింది. గమ్ము పెట్టేటప్పుడు వెలుగు నష్టం ఒకటీ పాయింటు రెండు. ఇప్పుడు నాలుగూ పాయింటు ఎనిమిది. ఆ గదిలో దీపాలు తక్కువ. తీగలో పోయే వెలుగు కంటికి కనబడే రకం కాదు. ఉందో పోయిందో అంకె చెప్పాల్సిందే. ఒకసారి నాన్న అడిగాడు, ఏదీ ఆ వెలుగు నాకూ చూపించు అని. కనబడదు నాన్నా అంటే, కనబడని దానికా ఇంత హడావుడి అని బండి మీద దారంతా నవ్వాడు.

"పోయిందా?" అని అడిగింది అర్ఫా పక్క బల్ల నుంచి. ల్యాబులో మార్తతో డబ్బా పంచుకునేది ఆమె ఒక్కతే.

"పోయింది."

"మొదటిది చేసిన కోయంబత్తూరాయన చేతులు బంగారం. ఈ ఆరూ వాళ్ల అల్లుడు చేసుంటాడు."

మామూలుగా అయితే మార్త నవ్వేది. ఆ పూట డబ్బా మూత తీయలేదు. ఆకలిగా లేదంది. అర్ఫా కాసేపు చూసి, బలవంతం చేయకుండా తన రొట్టెలు తను తింది. మార్త తన డబ్బా తిరిగి సంచిలో పెట్టేసింది.

సాయంత్రం రామకోటేశ్వరరావుగారు పిలిచారు. రేపు పదకొండింటికి బెంగళూరు నుంచి ఫోన్ వస్తుంది. ఎన్ని జిగ్‌లు పనిచేస్తున్నాయో చెప్పాలి. ఒక్కటే అంటే ఆర్డరు వేరేవాళ్లకు పోతుంది. అది పోతే ఈ ల్యాబు నడవదని ఆయన ఏ దాపరికమూ లేకుండా చెప్పారు. మనిషి బాగా నలిగి ఉన్నారు. నలభై ఏళ్ల ఉద్యోగం చేసి రిటైరయ్యాక, మన ఊళ్లోనే ఏదైనా చేద్దామని పెట్టిన ల్యాబు అది.

"ఆ కోయంబత్తూరు పెద్దాయన నంబరివ్వమ్మా. పని మానేసినా ఇంట్లో ఉంటాడుగా. నేనే మాట్లాడి బతిమాలుకుంటాను."

"ఆయన ఫోన్లో మాట్లాడరు సార్."

"మరెలా?"

మార్త బల్ల మీది ఆరు జిగ్‌ల వంక చూసింది. కొత్తవి, మెరుస్తున్నాయి. ఒక్కోదానికీ సర్టిఫికెట్ ఉంది.

"రేపు పొద్దున్నే నాతో రండి సార్, తీసుకెళ్తాను."

"రేపు పొద్దున్నకి కోయంబత్తూరు ఎలా పోతామమ్మా?"

"అంత దూరం లేదు సార్."

*

చీకటి పడే వేళకు ఆ ఇంట్లో కుటుంబ ప్రార్థన. సంజీవరావు చర్చిలో సంఘ పెద్ద. ఇంట్లో కూడా ప్రార్థన ఆయనే చేస్తాడు. ముగ్గురూ చాప మీద మోకరించారు.

ఆయన ప్రార్థనకు ఒక వరస ఉంది. ముందు పాస్టరుగారు, తరవాత సంఘం, తరవాత కాలవ నీళ్లు, గుడివాడలో చెల్లెలు తెరేసమ్మ మోకాళ్లు, వీధిలో జబ్బుపడిన వాళ్లు, అమలమ్మ షుగరు. ఆఖరున ఎప్పుడూ ఒకే మాట వచ్చేది. మా మార్తను, దాని చేతి పనిని దీవించు ప్రభువా అని. ఇంటర్ పరీక్షలప్పటి నుంచీ అదే మాట. చిన్నప్పుడు విసుగ్గా ఉండేది, ఎప్పుడైపోతుందా అని ఒక కన్ను తెరిచి చూసేది.

తెరేసమ్మ మోకాళ్లు అయ్యాయి. అమలమ్మ షుగరు అయింది. మార్త ఊపిరి బిగబట్టింది.

"ఆమెన్," అన్నాడు సంజీవరావు.

పెరట్లో పంపు దగ్గర గిన్నెలు కడుగుతూ మార్త మొత్తం చెప్పేసింది. ఊరి పేరు, షీటు, ఫొటో, అన్నీ. అమలమ్మ కొబ్బరి పీచు చేతిలో పట్టుకుని విన్నది.

"లారీ ముక్క అని రాస్తే నీ డిగ్రీ అరిగిపోయేదా?"

మార్త ఇంకో గిన్నె పంపు కింద పెట్టింది.

"ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. ఏవయ్యా అని అడిగితే ఒకటే మాట. 'అది నా చేత అబద్ధం ఆడించిందే' అన్నాడు. ఇంకేం చెప్పలా. నాకిప్పుడు తెలుస్తంది." అమలమ్మ గిన్నె బోర్లించింది. "దిమ్మ మీద పేరు లేనందుక్కాదే ఆయన ఏడుపు. చర్చిలో ముప్పయ్యేళ్లు పెద్దరికం చేసిన మనిషి."

"రేపు సార్‌ని షెడ్డుకు తీసుకెళ్తున్నానమ్మా. చెప్పేస్తాను."

"ఉద్యోగం తీసేస్తేనో?"

"తీసేస్తే తీసేస్తారు. ఆ ఆరు దిమ్మలూ నాన్న చేయకపోతే మిగతా ఎనిమిది మందికి కూడా ఉండదు. నాన్న నాతో మాట్లాడకుండా ఎట్లా చేస్తాడు?"

అమలమ్మ కుళాయి కట్టేసి, కూతురి తడి చేతులు తన కొంగుతో తుడిచింది. లోపల టీవీలో వార్తలు వీధి చివరి దాకా వినబడుతున్నాయి.

"ఆ సౌండు తగ్గించమని చెప్పు మీ నాన్నకి," అంది, అలవాటుగా. మళ్లీ తనే నాలిక్కరుచుకుని లోపలికి వెళ్లింది.

*

శుక్రవారం తొమ్మిదిన్నరకు రామకోటేశ్వరరావుగారి కారు ఆటోనగర్ లోపలికి తిరిగింది. దారి మార్త చెబుతోంది. మూడో సందులో ఆపమంది. ఆయన దిగి, రేకుల షెడ్డు చూసి, గుర్తుపట్టారు.

"ఇది ఆ రోజు నేనొచ్చిన షెడ్డేనమ్మా. ఈయనవల్ల కాదన్నాడు."

సంజీవరావు మిషను మీద వంగి ఉన్నాడు. వీళ్ల నీడ పడ్డాక తలెత్తాడు. సార్‌ని చూశాడు, వెనక కూతుర్ని చూశాడు. మిషను ఆపి, చేతులు పాత గుడ్డతో తుడుచుకున్నాడు. కూర్చోడానికి ఆయిలు డ్రమ్ము మీద పేపరు పరిచాడు. రామకోటేశ్వరరావుగారు కూర్చోలేదు.

దారి పొడుగునా మార్త వాక్యాలు కట్టుకుంటూ వచ్చింది. అవేవీ రాలేదు.

"కోయంబత్తూరు ఇదే సార్," అంది. "ఈయన మా నాన్న. ఆ జిగ్ ఈయన చేసిందే. కొత్త ఇనుము కాదు, పాత లారీ ఇంజన్ బ్లాకు. షీటులో నేను రాసింది అబద్ధం."

పక్క షెడ్డులో ఎవరో వెల్డింగు చేస్తున్నారు.

రామకోటేశ్వరరావుగారు మార్త వంక చూడలేదు. సంజీవరావు వంక చూశారు. "మీరు ఆ రోజే చెప్పొచ్చు కదండీ."

"చెప్తే ఈ పిల్ల ఉద్యోగం ఏమయ్యేదండి?"

ఈ పిల్ల. ఇన్ని రోజుల తరవాత ఆవిడగారు అనకుండా, పిల్ల అన్నాడు. అదీ తనతో అన్నది కాదు.

రామకోటేశ్వరరావుగారు అప్పుడు డ్రమ్ము మీద కూర్చున్నారు. కోపం వచ్చిందో, బాధ కలిగిందో, ముఖం చూస్తే తెలియలేదు. కొత్త ఇనుము ఎందుకు కదులుతోందని అడిగారు. మేస్త్రీని మేస్త్రీ అడిగినట్టు అడిగారు.

సంజీవరావు మూలన పడున్న ఒక ఇనప తుండు మీద చెయ్యి వేశాడు. "కొత్త ఇనుములో కోపం ఉంటదండి. పోత పోసినప్పటిది. కోసేటప్పుడు కనబడదు. వేడి తగిలితే బయటికొస్తది, ఒళ్లు విరుచుకుంటది. ఆ లారీ నాకు తెలుసు. ఇరవై రెండేళ్లు బియ్యం తోలింది. రోజూ కాగింది, రోజూ చల్లారింది. దాంట్లో ఇంక కదలడానికేం మిగల్లేదు."

రామకోటేశ్వరరావుగారు నేల వంక చూస్తూ వేళ్లు మడిచారు. ఇదే పని ఓవెన్‌లో చేయాలంటే కొత్త ఇనుమును ఎన్నిసార్లు కాచి చల్లార్చాలో లెక్క వేసుకుంటున్నట్టుంది. తరవాత మార్త వైపు తిరిగారు.

"తప్పు కాగితం నీ సంతకంతో వెళ్లింది. సరైనదీ నీ సంతకంతోనే వెళ్లాలి. బెంగళూరు వాళ్లు దాన్ని ఎలా తీసుకుంటారో నేను చెప్పలేను. వాళ్లు నిన్ను పక్కన పెట్టమంటే, నేను కాదనగలనో లేదో కూడా చెప్పలేను."

"పంపిస్తాను సార్."

ఆయన సంజీవరావును అడిగారు. ఎన్ని చేయగలరు, ఎన్నాళ్లలో. పైపని మిషను మీద లాగిస్తే వారానికి రెండు అవుతాయి, ఇనుము దొరకాలి అన్నాడు సంజీవరావు. ఆ లారీ బ్లాకులో మిగిలింది లేదు, వేరే బ్లాకులు చూడాలి. చేస్తాననీ అనలేదు, చేయననీ అనలేదు. గోడకు తగిలించిన చిన్న సుత్తి తీసుకుని బయటికి నడిచాడు. వాళ్లిద్దరూ వెనక వెళ్లారు.

సందు చివర పాత ఇనుము కొట్లు. పది పన్నెండు ఇంజన్ బ్లాకులు ఎండలో వరసగా పడున్నాయి, జిడ్డుతో, తుప్పుతో. కొట్లవాళ్లు టీ గ్లాసులతో లేచి నిలబడ్డారు. కారులో వచ్చిన పెద్దమనిషిని చూసి ఏదో పెద్ద బేరమనుకున్నారు.

సంజీవరావు మొదటి బ్లాకు దగ్గర ఆగాడు. సుత్తి ఎత్తలేదు. దాన్ని కర్ర వైపు నుంచి మార్త ముందుకు చాపాడు.

"కొట్టి చూడు," అన్నాడు. ఈసారి ఆమెతోనే.

"నాకేం తెలుసు నాన్నా?"

"లోపల పగులుంటే మోత మొండిగా తెగిపోద్ది. మంచిదయితే సుత్తి తీసేశాక కూడా కాసేపుంటది." సుత్తి ఇంకా చాపే ఉంచాడు. "నాకు కుడి చెవి పోయి పదేళ్లయింది. ఎడమది ఈ ఏడాది నుంచీ పట్టం లేదు. నీ లారీ ముక్కకి మోత చూడక్కర్లేకపోయింది, అది నేను బాగుచేస్తా వచ్చిన బండి. ఇయ్యి నాకు తెలీవు."

మార్త సుత్తి అందుకుంది. కర్ర ఆయన అరచేతి ఆకారానికి అరిగిపోయి ఉంది.

ఇన్ని రోజుల్లో గుమ్మంలోంచీ, పెరట్లోంచీ, వెనక నుంచీ తను ఎన్నిసార్లు నాన్నా అని పిలిచిందో గుర్తు చేసుకుంది. అందులో ఎన్ని ఆయన వినీ పలకలేదో, ఎన్ని అసలు ఆయన దాకా చేరలేదో ఇప్పుడు ఎవరు చెబుతారు.

వంగి కొట్టింది. ఠంగుమంది, వెంటనే ఆగిపోయింది. మళ్లీ కొట్టి, సుత్తి తీసేసి, కళ్లు మూసుకుని విన్నది. లారీ హారన్లు, వెల్డింగు, ఎవరిదో రేడియో. వాటి అడుగున ఏమీ లేదు. కళ్లు తెరిస్తే సంజీవరావు ఇనుము వంక కాదు, ఆమె ముఖం వంక చూస్తున్నాడు.

"ఇది కాదు నాన్నా."

ఆయన అలాగే చూస్తున్నాడు. ఆమె ఆయనకు కుడి పక్కన ఉంది.

మార్త బ్లాకు చుట్టూ తిరిగి ఎడమ పక్కకు వచ్చింది. కొట్లవాళ్లందరూ చూస్తున్నారు, సార్ చూస్తున్నారు.

"ఇది కాదు నాన్నా," అంది, సందు మొత్తానికీ వినబడేట్టు.

సంజీవరావు తల ఊపాడు. జేబులోంచి సుద్దముక్క తీసి ఆ బ్లాకు మీద అడ్డగీత గీశాడు. రెండోదాని వైపు నడిచాడు.

వెనక రామకోటేశ్వరరావుగారి ఫోను మోగింది. ఆయన నంబరు చూసుకున్నారు. పదకొండు కాలేదు, పది దాటి పది నిమిషాలే అయింది. బెంగళూరు వాళ్లు ముందే చేశారు. ఆయన ఫోను ఎత్తకుండా, చేత్తో పట్టుకుని, మార్త వంక చూశారు.

మార్త రెండో బ్లాకు మీద సుత్తితో కొట్టి, తీసేసింది. ఫోను మోగుతూనే ఉంది. ఆ మోత కింద ఇనుము మోత ఇంకా ఉందో, ఆగిపోయిందో తేల్చుకోలేక, ఆమె మోకాళ్ల మీద వంగి జిడ్డు బ్లాకుకు చెవి ఆనించింది.